ప్రార్థన చల్లబడినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, ఇటు నరసాపురం, పాలకొల్లు వైపూ ఇంటి కూడికలు ముగిసి టీ గ్లాసులు అందుకునే వేళ, ఎవరో ఒకరు పక్కకు పిలిచి మెల్లగా అడిగే ప్రశ్నలివి. అందరి ముందూ అడగరు. ఇన్నేళ్ల విశ్వాసంలో ఇంకా ఇక్కడే ఉన్నారా అనుకుంటారని భయం. అడిగినవాళ్లలో సంఘ పెద్దలున్నారు, క్వైర్‌లో పాడే పిల్లలున్నారు, మనవల్ని ఎత్తుకున్న నాయనమ్మలున్నారు. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్ని రెండు మాటల్లో అయిపోతాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

ప్రతి ఆదివారం గుడికి వెళ్తున్నాను. కానుక తప్పడం లేదు. చెడు అలవాట్లు లేవు. అయినా లోపల ఏదో ఆగిపోయినట్టుంది. ఇదేనా ఆత్మీయ నిర్లక్ష్యం?

కావచ్చు. నిర్లక్ష్యం వచ్చినవాళ్లు దేవుణ్ణి కాదనరు. దేవుడితో పని లేకుండానే రోజు గడిచిపోవడానికి అలవాటు పడతారు, అంతే. పొద్దున్నే లేచి టీ తాగుతాం, ఫోన్ చూస్తాం, పిల్లల్ని ఆటో ఎక్కిస్తాం, పొలానికో షాపుకో వెళ్తాం, రాత్రి దుప్పటి లాక్కుంటూ “ప్రభువా, స్తోత్రం” అంటాం. ఆ రోజు ఆయనను అడిగి చేసిన పని ఒక్కటీ ఉండదు. ఆయన వద్దన్నాడని మానుకున్నదీ ఉండదు.

పాపంలో పడ్డవాడికి పడ్డానని తెలుస్తుంది, ఏడుస్తాడు, లేస్తాడు. ఇందులో ఉన్నవాళ్లకు నొప్పి తెలియదు. మీకు ఏదో ఆగిపోయినట్టు అనిపిస్తోందంటే నేను సంతోషిస్తాను, ఎందుకంటే మీలో ఆకలి ఇంకా చావలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సంఘ పనుల్లో తలమునకలైనవాళ్లకే ఇది ముందు వస్తుందని నా గట్టి నమ్మకం. దేవుడి గురించి రోజంతా మాట్లాడి, దేవుడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా పడుకోవడం వాళ్లకే వీలవుతుంది.

నాకు ఆ స్థితి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మన కాలువల సంగతి మీకు తెలుసు. గట్టు తెగితే ఊరంతా పరుగెత్తుకొస్తుంది. పూడిక పేరుకున్నా, గుర్రపుడెక్క అల్లుకున్నా ఎవరూ పరుగెత్తరు. పైన లాకుల దగ్గర చూస్తే నీళ్లు నిండుగానే ఉంటాయి. తేడా ముందు తెలిసేది శివారు రైతుకి, నారుమడి తడవక ఆకాశం వైపు చూసేవాడికి. ప్రార్థన తగ్గిన సంగతి కూడా శివారులోనే బయటపడుతుంది. గుడిలో మీ పాట బాగానే ఉంటుంది, ప్రార్థన చేయమంటే మాటలు ధారగా వస్తాయి. మంచం మీదున్న అత్తగారు మంచినీళ్లు రెండోసారి అడిగినప్పుడు మీ గొంతు ఎలా ఉంది? కూలి డబ్బుల కోసం వచ్చిన మనిషిని వాకిట్లో ఎంతసేపు నిలబెట్టారు? గట్టు తగాదాలో మాటలు ఆగిపోయిన తమ్ముడింటికి క్రిస్మస్‌కి పిండివంటలు వెళ్లాయా?

ఈమధ్య ఎవరికీ తెలియకుండా మీరు చేసిన ప్రార్థన ఒకటి గుర్తుందా? ప్రసంగం వింటున్నప్పుడు ఏ మాటైనా మీకు తగిలిందా, లేక అన్నీ పక్క వరసలో కూర్చున్నవాళ్లకే తగిలాయా? ఇవి మిమ్మల్ని మీరే, ఒంటరిగా అడుక్కోవాల్సిన ప్రశ్నలు. వీటితో ఎదుటివాళ్లను కొలవడం మొదలుపెడితే అది ఇంకో జబ్బు.

ఈ విషయం వస్తే అందరూ లవొదికయ సంఘం మాటే ఎత్తుతారు. ఎందుకు?

బైబిల్ చివర ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో ఆ సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం ఉంది, అందుకు. ఆ ఊరి చరిత్ర తెలిస్తే ఆ ఉత్తరం చదివే తీరు మారిపోతుంది. లవొదికయ ఇప్పటి టర్కీలో ఉండేది. డబ్బున్న ఊరు. నల్ల ఉన్నికి, వడ్డీ వ్యాపారానికి, వైద్యానికి పేరు. క్రీస్తుశకం 60లో భూకంపం వచ్చి ఊరు కూలితే, రోమా ప్రభుత్వం సాయం లేకుండా తమ డబ్బుతోనే తిరిగి కట్టుకున్నారని ఆనాటి రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచని ఊరన్నమాట. “నాకేమియు కొదువలేదని చెప్పుకొనుచున్నావు” అని ప్రభువు అన్నది వీళ్లనే. ఆ మాట వాళ్లకు ఎంత సూటిగా తగిలి ఉంటుందో చూడండి.

అన్నీ ఉన్న ఆ ఊరికి మంచినీళ్లు లేవు. దూరపు ఊటల నుంచి రాతి గొట్టాల్లో తెచ్చుకునేవారు. ఆ గొట్టాల లోపల సున్నం గట్టిపడి పేరుకుపోయింది, తవ్వకాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. దగ్గర్లోనే ఉన్న హియెరాపొలిలో వేడినీటి ఊటలు, కొలస్సయిలో చల్లని నీళ్లు. వేడినీళ్లు ఒంటి నొప్పులకు పనికొస్తాయి, చల్లనివి దాహం తీరుస్తాయి. వీళ్ల నీళ్లు ఎటూ కాకుండా పోయేవి. “నీవు చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు” అన్నప్పుడు ప్రభువు ఈ నీళ్లనే గుర్తుచేశాడని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. అలా చదివితే ఆయన అడుగుతున్నది ఆవేశం ఎంతుందని కాదు, నీవల్ల ఎవరికి దాహం తీరింది, ఎవరి నొప్పి తగ్గింది అని.

“ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను” అనే మాట ఈ ఉత్తరంలోదే. వీధి సువార్తల్లో ఆ వాక్యం బయటివాళ్లకు చెబుతుంటాం. ఆయన రాసింది మాత్రం సంఘానికి. లోపల ఆరాధన జరుగుతుండగా ఆయన బయట నిలబడి ఉన్నాడు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

ఇది మన ప్రాంతంలో మరీ ఎక్కువా?

ఎక్కువని కొలిచి చెప్పలేం గానీ, మన దగ్గర ఇది రావడానికి ఒక దారి మాత్రం బాగా తెరిచి ఉంది. ఈ నేల ఎప్పుడూ ఇలా పచ్చగా లేదు. 1833 కరువు, 1839లో కోరంగి వైపు తీరాన్ని ఊడ్చేసిన తుపాను గోదావరి జిల్లాను కుంగదీశాయి. నది నిండుగా పారి సముద్రంలో కలిసేది, ఒడ్డున మనిషి ఆకలితో చచ్చేవాడు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాకే ఈ కాలువలూ, ఈ పంటలూ. ఆయనా ప్రార్థనాపరుడైన విశ్వాసే.

ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం ఒకసారి తీయండి. నువ్వు కడుపునిండా తిని, మంచి ఇళ్లు కట్టుకుని, నీ మందలూ వెండి బంగారాలూ పెరిగాక, మనసు గర్వించి నీ దేవుణ్ణి మరచిపోతావేమో జాగ్రత్త అని మోషే చెబుతున్నాడు. ఆ మాట చెప్పింది అరణ్యంలో నడిచి వచ్చిన జనానికి, కాలువల దేశంలో అడుగుపెట్టబోయేముందు. బియ్యం డ్రమ్ము ఖాళీగా ఉన్న రోజుల్లో “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అన్న మాట కడుపులోంచి వచ్చేది. డ్రమ్ము నిండాక అదే మాట పెదవుల మీద నుంచి జారిపోతుంది. నిండిన డ్రమ్ము పాపం కాదు, ఆయన ఇచ్చిందే. నింపినవాణ్ణి మరవడం దగ్గరే చిక్కంతా.

డెల్టాలో అందరి డ్రమ్ములూ నిండి లేవని కూడా మరవకూడదు. కౌలు రైతు, కొబ్బరికాయలు దింపే కార్మికుడు, లంకల్లో గుడిసె వేసుకున్న కుటుంబం మన మధ్యే, మన గుడిలోనే ఉన్నారు. “అంతా దేవుని కృప, ఏ లోటూ లేదు” అని సాక్ష్యం చెప్పేటప్పుడు వెనక చాప మీద ఎవరు కూర్చున్నారో చూసుకోండి.

కష్టంలో బాగానే ప్రార్థన చేస్తాను. తీరగానే మానేస్తాను. నా భక్తి దొంగభక్తేనా?

కష్టంలో పిలవమని చెప్పింది ఆయనే, కాబట్టి పిలవడం దొంగతనం కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను కొట్టినప్పుడు, 2022 జూలైలో గోదావరి లంకల్ని ముంచినప్పుడు, జీవితంలో ప్రార్థన ఎరగనివాళ్లు కూడా దేవుణ్ణి పిలిచారు. ఆ పిలుపును ఆయన తక్కువ చేయడు.

లోపం ఆ తర్వాత ఉంది. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే వెనక్కి వచ్చాడు, వాడూ యూదులు చిన్నచూపు చూసే సమరయుడు. మిగతా తొమ్మిదిమందీ యాజకుల దగ్గరికే వెళ్లారు, చెప్పిన పనే చేశారు, తప్పేమీ చేయలేదు. తిరిగి రాలేదంతే. నీళ్లు తీశాక ఇంట్లో బురద కడుగుతాం, తడిసిన ధాన్యం ఎండబెడతాం, పరిహారం జాబితాలో పేరుందో లేదో కనుక్కుంటాం. ఈ హడావుడిలో ఆయన దగ్గరికి తిరిగి వెళ్లడం జాబితాలోనే ఉండదు. ఒక చిన్న పుస్తకంలో, దేనికోసం అడిగారో తేదీ వేసి రాసుకోండి. జవాబు వచ్చిన రోజు దాని పక్కనే రాసి, అక్కడికక్కడే మోకరించండి. రాయడం రానివాళ్లు ఇంట్లో పిల్లలతో రాయించండి, పిల్లలకూ అది పాఠమే.

ప్రార్థనలో కూర్చుంటే ఏమీ అనిపించడం లేదు. ఏమీ అనిపించకుండా చేస్తే అది నటన కాదా?

అన్నిటికన్నా ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. కన్నీళ్లు రాలేదు, ఒళ్లు పులకరించలేదు, పక్కావిడ చేతులెత్తి ఏడుస్తోంది, నేను మాత్రం గోడ గడియారం చూస్తున్నాను అని చెప్పేవాళ్లు చాలామంది. అనుభూతి ఉంటేనే ప్రార్థన అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, బైబిల్లోంచి మాత్రం రాలేదు.

కీర్తనలు తీయండి. 13వ కీర్తన “యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు?” అని మొదలవుతుంది. అది దేవుడి మీద ఫిర్యాదు. 88వ కీర్తన ఇంకా చీకటి. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తోత్రంలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి మాటతోనే అయిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచాడు. అంటే దాన్ని విన్నాడు, భద్రం చేశాడు. ఆ కీర్తనకారుడికి ఏ ఊరటా అనిపించలేదు, అయినా రాత్రీ పగలూ మొర్రపెడుతూనే ఉన్నాడు.

నటన అంటే లోపల లేనిది బయట చూపించడం. లోపల ఎండిపోయి ఉంటే, “ప్రభువా, ఎండిపోయాను. నీతో మాట్లాడాలని కూడా లేదు. అయినా వచ్చి కూర్చున్నాను” అని చెప్పండి. అంతకన్నా నిజమైన ప్రార్థన ఉండదు. నటన మొదలయ్యేది ఆ ఎండిన గొంతుతో, పోయిన ఏడాది సభలో విన్న ప్రసంగీకుడి స్వరం తెచ్చుకుని, “ఆకాశమహాకాశములు పట్టజాలని మహోన్నతుడా” అని ఎత్తుకున్నప్పుడు. ఆ బిరుదులు తప్పు కాదు, సత్యమే. ఆ రోజు అవి మీవి కావు, అంతే.

ఎలా ప్రార్థన చేయాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8వ అధ్యాయంలో పౌలు రాశాడు. మీరు మాటల్లేక కూర్చున్న ఆ నిమిషాల్లో ప్రార్థన ఆగిపోలేదు. కాబట్టి కుర్చీ వదలకండి. అనుభూతి వస్తే కృతజ్ఞతగా తీసుకోండి, రాకపోతే దాన్ని వెతుక్కుంటూ ఊరూరా తిరగకండి.

మాటలు రావు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రభువు ప్రార్థనతో. అది పిల్లల పాఠం, మాకెందుకు అనకండి. 1535లో ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్‌ను ఆయన మంగలి పేతురు ఇదే అడిగాడు, ఎలా ప్రార్థన చేయాలని. లూథర్ అతనికి ఒక ఉత్తరమే రాశాడు. ఒక్కో మాట దగ్గర ఆగమన్నాడు. పది ఆజ్ఞల దగ్గరైతే, ఆ మాట ఏం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి, ఈ నాలుగూ చూసుకోమన్నాడు. ప్రభువు ప్రార్థనకూ అదే పద్ధతి పనికొస్తుంది. మన రాజమండ్రి వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లకు కూడా ఈ ఉత్తరం సంగతి అంతగా తెలియదు.

చేసి చూపిస్తాను. “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.” ఇది నేర్పేదేమిటి? “నేడు” అంటున్నాడు, ఏడాదికి సరిపడా అనలేదు. “మాకు” అంటున్నాడు, నాకు అనలేదు. కృతజ్ఞత దేనికి? ఈ మధ్యాహ్నం తిన్న అన్నానికి, వండిన చేతికి, నాటు వేసిన ఆడవాళ్లకు. ఒప్పుకోవలసింది? నిన్న మిగిలిన కూర పారబోశాను గానీ, అడిగిన మనిషికి పెట్టలేదు. ఇక అడగడం: “ప్రభువా, వెనక వీధిలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుడు మంచం మీదే ఉన్నాడు. వాళ్లింట్లో నేడు ఆహారం దయచేయి. నా చేత్తో ఇవ్వమంటే చెప్పు.” ఒక్క మాట దగ్గరే పావుగంట గడిచిపోతుంది, లేచాక వెళ్లాల్సిన ఇల్లు కూడా తెలుస్తుంది. ఒక మాట దగ్గర మనసు కదిలితే మిగతావి వదిలేసి అక్కడే ఉండిపోమన్నాడు లూథర్. మంచి సలహా.

కళ్లు మూసుకోగానే మనసు ఎక్కడెక్కడికో పోతుంది.

అందరికీ పోతుంది. మంగలి తన ధ్యాసంతా కత్తి మీదా జుట్టు మీదా పెట్టకుండా కబుర్లలో పడితే ముక్కో నోరో కోస్తాడని లూథర్ ఆ ఉత్తరంలోనే హెచ్చరించాడు. ధ్యాస నేర్చుకోవాల్సిన పని. కళ్లు తెరిచి, పెదవులు కదుపుతూ ప్రార్థన చేయండి. కీర్తన ఒకటి బయటికి చదవండి. మనసు పొలం మీదికి పోతే, ఆ పొలం సంగతే ఆయనకు చెప్పండి, పారిపోయిన ఆలోచన ప్రార్థనలోకి వచ్చేస్తుంది. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. బైబిల్ యాప్ కోసమే తీశానంటారు, వాట్సాప్‌లో తేలతారు. కాగితం బైబిలు ఇంట్లో ఉంటుంది కదా, దుమ్ము దులిపి తీయండి.

ఎంతసేపు చేయాలి? తెల్లవారుజామునే చేయాలా?

మీరు నిజంగా నిలబెట్టుకోగలిగినంతసేపు. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్లాడు, దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు, నెహెమ్యా రాజు అడిగిన ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఉన్న క్షణంలో ప్రార్థన చేశాడు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా ఏరేటర్లు కనిపెట్టుకుని, కరెంటు పోతే జనరేటర్‌కి పరుగెత్తే మనిషిని తెల్లవారుజామున నాలుగింటికి లేవమనడం అన్యాయం. ఆ మనిషి ప్రార్థన గది ఆ గట్టే. అర్ధరాత్రి ఆ షెడ్డులో కూర్చుని మాట్లాడుకోమనండి. ఒక్కటే చెబుతాను: వేళంటూ ఒకటి పెట్టుకోండి. “వీలైనప్పుడు” అని పెట్టుకున్నది ఎప్పుడూ జరగదు.

కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. నాకంటూ గది లేదు, సెలవు లేదు, సంఘం లేదు. చల్లారిపోతున్నానమ్మా.

తల్లీ, మీరు చెప్పేది నిర్లక్ష్యం కాదు, అలసట, ఒంటరితనం. తలుపు వేసుకోవడానికి గది లేనివాళ్ల ప్రార్థన దేవుడికి కొత్త కాదు. హాగరు యజమానురాలి ఇంటి నుంచి పారిపోయి ఎడారిలో నీటి ఊట దగ్గర కూర్చుంటే, దూత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. బైబిల్లో దేవుడికి “చూచుచున్న దేవుడవు” అని పేరు పెట్టింది ఆ పనిమనిషే. గిన్నెలు కడిగేటప్పుడు ఒక కీర్తన వచనం, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు మీ పిల్లల పేర్లు. అది చాలు. ఇక్కడ ఊళ్లోని మీ సంఘంలో ఒక స్నేహితురాలితో వారానికోసారి ఫోన్‌లో కలిసి ప్రార్థన పెట్టుకోండి. ఇక్కడున్న సంఘాలకూ ఒక మాట: ఆమె పంపిన డబ్బుతో మందిరానికి టైల్స్ వేయించుకున్నాం కదా, ఆమె పేరు విజ్ఞాపనలో చదువుతున్నామా?

ఉపవాసాలు, రాత్రంతా ప్రార్థనలు చేస్తే మళ్లీ రగులుతుందా?

మంచివే. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మనం దేనిమీద ఆనుకుని బతుకుతున్నామో తెలుస్తుంది. ఈస్టరుకు ముందు శ్రమకాలపు నలభై రోజులూ ఏదో ఒకటి మానుకునే అలవాటు నాకు ఇష్టం. కానీ యెషయా 58వ అధ్యాయం చదవకుండా ఉపవాసం మొదలుపెట్టవద్దు. మేము ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని జనం అడిగితే, ఉపవాసదినాన మీరు మీ పనివాళ్లచేత కఠినమైన పని చేయిస్తున్నారని దేవుడు జవాబిచ్చాడు. తన ఉపవాసమంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు: ఆకలిగొన్నవాడికి ఆహారం, దిక్కులేనివాడికి నీడ, బట్టలేనివాడికి బట్ట.

కాబట్టి శుక్రవారం ఉపవాసముండేముందు గురువారం సాయంత్రం కూలీల లెక్క తేల్చేయండి. కోతలప్పుడు ఒప్పుకున్న కూలి ఒప్పుకున్నట్టు ఇవ్వండి. ఒక్క పూట అన్నం మానడం కన్నా ఇదే కష్టమని చాలామందికి తెలుసు. ఆపిన కూలి మొర్రపెట్టి దేవుడి చెవిలో పడుతుందని యాకోబు రాశాడు. అదే చెవిలో మన ఉపవాస ప్రార్థన కూడా పడాలి. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం చేయకండి.

పెద్ద సభలకు వెళ్తే మంటలా ఉంటుంది, వారంలో చల్లారుతుంది.

సభలో విన్న ఒకే ఒక్క మాట రాసుకుని, సోమవారం ఎవరి దగ్గర ఏం చేయాలో దాని కింద రాయండి. అది చేసేదాకా ఇంకో సభకు వెళ్లకండి.

రొయ్యలకు వైరస్ వచ్చి చెరువంతా పోయింది. అప్పు మిగిలింది. ప్రార్థన తగ్గించినందుకు దేవుడు కొట్టాడంటున్నారు.

అలా అన్నవాళ్లు, అన్నీ పోగొట్టుకున్న యోబుతో నీ పాపం వల్లే ఇదంతా అన్న అతని స్నేహితుల పక్కన కూర్చున్నారు. వాళ్ల మీద తన కోపం మండుతోందని దేవుడే చెప్పాడు. వైట్‌స్పాట్ అనే ఆ వైరస్ విశ్వాసి చెరువు, అవిశ్వాసి చెరువు అని చూసి రాదు. పక్క చెరువు నీళ్లలోంచి, తెచ్చిన పిల్లల్లోంచి, పీతల మీదుగా వస్తుంది. దానికి కారణం మీ మోకాళ్లలో వెతకొద్దు.

ఇప్పుడెలా ప్రార్థన చేయాలంటారా, హబక్కూకు చివరి వచనాలు తీయండి. అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలం పైరు ఇవ్వకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. రైతు నష్టాల జాబితాను అలాగే దేవుడి ముందు పెట్టాడు, ఒక్కటీ దాచలేదు. మీరూ మీ జాబితా పెట్టండి: ఎన్ని ఎకరాలు, ఎంత మేత, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి. ఆనందం ఈరోజే రావాలని లేదు. సంఘ పెద్దలారా, ఆ ఇంటికి వాక్యంతో పాటు ఒక బస్తా బియ్యం తీసుకెళ్లండి. తర్వాతి పంట దాకా వారం వారం వెళ్లండి.

ఒక పాపం వదలడం లేదు. ముందు అది మానేసి, శుభ్రపడ్డాక ప్రార్థన చేస్తాను.

అప్పుడు ఎప్పటికీ చేయలేరు. యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, శుభ్రపడి గుడికి రాలేదు. దూరంగా నిలబడి, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక, “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అన్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే. మద్యం షాపు నుంచి వస్తూ దారిలోనే ఆ మాట అనండి. సిగ్గుగా ఉంటుంది, ఉండనివ్వండి.

మాది నాలుగో తరం విశ్వాస కుటుంబం. మా తాతగారు ఉపదేశి. మాకూ ఈ సమస్య ఉంటుందా?

మీకే ఎక్కువ ఉంటుంది. ఈ నేల మీద సువార్త పని పాతది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇంగ్లండు మిషనరీలు 1836లో ఓడెక్కి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. రాజమండ్రిలో లూథరన్ పని 1845లో మొదలైంది. ఆ తరాల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో చాలామందికి చెరువు నీళ్లు కూడా ముట్టుకోనివ్వలేదు. అయినా నిలబడ్డారు, ఎందుకంటే వాళ్లకు ప్రార్థన తప్ప ఇంకో ఆసరా లేదు. మనకు వాళ్ల ఇంటిపేరు వచ్చింది, గోడ మీద వాళ్ల ఫోటో వచ్చింది. వాళ్ల మోకాళ్లు మాత్రం వారసత్వంగా రావు. అబ్రాహాము మాకు తండ్రి అని చెప్పుకోవద్దు, ఈ రాళ్ల నుంచి కూడా దేవుడు అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడని బాప్తిస్మమిచ్చు యోహాను అన్నాడు. నిన్న మొన్న నమ్మిన పిల్ల ఒకతె వెనక బల్ల మీద కూర్చుని తడబడుతూ చేసే ప్రార్థన వినండి. తాతగారి ఆసక్తి ఎలా ఉండేదో అక్కడ తెలుస్తుంది.

ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయింది. పిల్లలు కూర్చోరు.

పొట్టిగా పెట్టండి. ఒక పాట, కొన్ని వచనాలు, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం ప్రార్థన. నాన్నగారు పిల్లల తప్పులన్నీ దేవుడికి ఫిర్యాదు చేసే వేళగా మార్చకండి, అందుకే వాళ్లు పారిపోతున్నది. ఒకసారి ఆ నాన్నగారే పిల్లల ముందు, “ప్రభువా, ఇవాళ అమ్మమీద కేకలేశాను, క్షమించు” అననివ్వండి. మర్నాడు పిల్లలు పిలవకుండానే వచ్చి కూర్చుంటారు.

మా ఆయనకు ఆసక్తి లేదు. ఎంత చెప్పినా వినరు.

చెప్పడం ఆపండి. ఆయన కోసం దేవుడితో మాట్లాడే సమయం పెంచండి. మాట లేకుండా ప్రవర్తన ద్వారానే రాబట్టవచ్చని పేతురు అన్నాడు. అయితే ఆయన కొడుతుంటే, తిడుతుంటే ఓర్చుకుని ప్రార్థన చేస్తూ కూర్చోమని దీనర్థం కాదు. పుట్టింటికో, నమ్మకమైన పెద్దలకో, అవసరమైతే పోలీసులకో చెప్పండి.

ఇది నిర్లక్ష్యమా, డిప్రెషనా? తేడా ఎలా తెలుస్తుంది?

ప్రార్థన ఒక్కటే చప్పబడి మిగతావన్నీ బాగుంటే, సినిమా, పెళ్లి, క్రికెట్ అన్నీ రుచిగానే ఉంటే అది నిర్లక్ష్యం. ఏదీ రుచించక, నిద్ర పట్టక, అన్నం సయించక, చచ్చిపోతే బాగుండునని వారాల తరబడి అనిపిస్తుంటే అది జబ్బు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. ప్రశ్న అడిగింది ఆ తర్వాతే. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇవాళే ఇంట్లో ఎవరికైనా చెప్పండి, రేపటిదాకా ఆగకండి.

ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలా, నాకూ దేవుడికీ మధ్య ఉంచుకోవాలా?

చెప్పుకోండి. ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థన చేయమని యాకోబు రాశాడు. అందరితోనూ అక్కర్లేదు, సాక్ష్యం వేళ మైకులో అసలే అక్కర్లేదు. మాట పొక్కనివ్వని మనిషిని ఒక్కరిని వెతుక్కోండి. అయ్యగారో అమ్మగారో అయితే మంచిదే, కానీ చాలాసార్లు మీ వయసువాళ్లే మేలు. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో. “నేను ప్రార్థన చేయడం లేదు, నెల అయింది” అని మొదటి మాట మీరే అనండి. అవతలి మనిషి ఊపిరి పీల్చుకుని “నేనూ అంతే” అనడం నేను చాలాసార్లు విన్నాను. అప్పుడు సలహాలు వద్దు. ఇద్దరూ ఉన్నచోటే, రేవు మెట్ల మీదైనా, బస్టాండులోనైనా, ప్రభువు ప్రార్థన కలిసి చెప్పి, మళ్లీ ఎప్పుడు కలుస్తారో వారం, వేళ అనుకుని లేవండి.